బొట్టు పెట్టిన పానా

అప్పలసూరి కుడిచేతి వేళ్ళు అప్పటికే మూడు విరిగాయి. నాలుగో వేలు పట్టుకుని హెడ్ కానిస్టేబుల్ వంగుతుండగా బైరాగి లాకప్ గదిలో అడుగుపెట్టాడు.

"ఆగు దాదా! సాయంత్రం వేలిముద్ర వేయించుకోవడానికైనా ఒకటి మిగుల్చు," అన్నాడు బెంగాలీలో.

హెడ్ కానిస్టేబుల్‌కి హాస్యం అర్థం కాలేదు గాని, బైరాగి చేతిలో ఉన్న కోర్టు కాగితం అర్థమైంది. పది నిమిషాలని సైగ చేసి, లాఠీ చంకలో పెట్టుకుని బయటికి పోయాడు. గోడ గడియారం ఒకటీ నలభై చూపిస్తోంది.

బైరాగి పుట్టింది కలకత్తా ఖిదిర్‌పూర్ రేవులో, శ్రీకాకుళం కూలీల బస్తీలో. పద్నాలుగేళ్ళు రేవు కాపలా దళంలో పనిచేశాడు. ఒక పెద్దమనిషి దొంగసరుకు పట్టుకున్న పాపానికి ఆ ఉద్యోగం ఊడింది. అప్పటినుంచీ ప్రైవేట్ డిటెక్టివ్. ఎడమచేతికి రెండు వేళ్ళు లేవు, క్రేను గొలుసు మింగేసింది. అందుకే విరిగిన వేళ్ళు చూస్తే అతనికి తన చెయ్యి గుర్తొస్తుంది. కోపం కూడా వస్తుంది.

"సూరీ, నానురా, బైరాగిని. మీ యమ్మ పంపింది. బేగా సెప్పు. నిన్న ఆ రాకెట్ ఆఫీసుకి ఎన్నింటికి ఎల్లినావు?"

అప్పలసూరి ఒక కన్ను తెరిచాడు. రెండోది వాచి మూసుకుపోయింది. "రెండూ పదన్నా. గేటుకాడ పుస్తకంలో రాసుకున్నారు. రేవు నుంచి పెట్టె తెచ్చినాం. దించుదారంటే ఒక్క మనిసి నేడు. అందరూ మేడమీద గాలిపటాలెగరేత్తన్నారు. పటం తెగినప్పుడల్లా బో కాట్టా, బో కాట్టా అని ఒకటే గోల. లారీ కాడే కూకున్నాను."

"మరి లోపలికి ఎందుకెల్లినావు?"

"మోటారు సప్పుడన్నా." పగిలిన పెదవి తడుపుకున్నాడు. "విశ్వకర్మ పూజనాడు మన రేవులో క్రేన్లే తిరగవు గదా. ఆ రోజు పనిముట్టు ముట్టుకుంటే సేతులిరిగిపోతాయంటారు. అలాటిది లోపల మోటారు తిరగతంది. ఏటిదని ఎల్లినాను."

ముట్టుకున్నవాడెవడో హాయిగా ఉన్నాడు, ముట్టుకోనివాడి చేతులు విరిగాయి. బైరాగి పళ్ళు నూరుకున్నాడు.

"ఏటి సూసినావు?"

"ఇనప డ్రమ్మన్నా. మనిసి నిలబడేటంత. దానికి కంచమంత అద్దం. ఆ అద్దానికి అంటుకుపోయి... మొకం. ముక్కంట, సెవులంట రత్తం. పక్కన ఎర్రసెక్రం ఉంది. ఓడల్లో గాలి వొదిలే సెక్రం లాటిదేననుకుని తిప్పీసినాను. బుస్సుమంది. తలుపు లాగితే నా మీద పడిపోనాడు. అప్పటికే సచ్చిపోనాడు. ఎత్తుకుని బయటికి తెచ్చినాను. దిగొచ్చినోల్లు నన్ను గేటుకి కట్టీసి కొట్టినారు. అప్పుడు మూడుకి అయిదు తక్కువ."

చచ్చిపోయినవాడు హరధన్ కర్మకార్. ఆ ఆఫీసులో పరీక్షలు చేసే టెక్నీషియను.

"అయిదింటికి మేజిస్ట్రేటు ముందట నానే సంపినానని సెప్పమంటన్నారు. సెప్తే జైలంట, సెప్పకపోతే ఉరంట. ఏటి సెయ్యమంటావన్నా?"

"నానొచ్చేవరకూ నోరు తెరవకు. మేజిస్ట్రేటు ముందట ఒక్కసారి ఒప్పుకుంటే మరి నిన్ను ఆ దేవుడు కూడా బయటికి తేనేడు. ఇన్నావా?"

అప్పలసూరి తల ఊపాడు. ఊపడానికి కూడా నొప్పిగానే ఉన్నట్టుంది.

గుమ్మంలో ఇన్‌స్పెక్టర్ తరఫ్‌దార్ నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ నలగని చొక్కా, చేతిలో ఇనప రూళ్ళకర్ర. రేవులో బైరాగి ఉద్యోగం ఊడగొట్టిన విచారణ రాసింది ఈ మహానుభావుడే.

"రెండూ పదికి లోపలికొచ్చాడు. మూడుకి అయిదు తక్కువకి శవంతో దొరికాడు. బట్టల నిండా రక్తం. దగ్గర మూటలు లాగే కూలీల హుక్కు. ఇంకేం కావాలి నీకు?" అన్నాడు.

"శవం ఫొటో కావాలి."

తరఫ్‌దార్ నవ్వి, బల్లమీద పడేశాడు. బైరాగి ఒక్క నిమిషం చూశాడు.

"హుక్కు పొడుస్తుంది దాదా. ఇక్కడ ఎముక చితికింది. ఈ గుండ్రటి అచ్చు చూడు, ఉంగరంలా. నడుమ చర్మం చితకలేదు. హుక్కుతో ఇలాంటి దెబ్బ వెయ్యగలవా? నీ బుర్రమీద వేసి చూపించనా?"

రూళ్ళకర్ర గాలిలో లేచి బైరాగి ఎడమచేతి మీద పడింది. "ఉన్న మూడూ జాగ్రత్త," అన్నాడు తరఫ్‌దార్.

బైరాగి కుడిచేతికి వేళ్ళన్నీ ఉన్నాయి. అవన్నీ ముడుచుకుని తరఫ్‌దార్ దవడకి తగిలాయి. ఇద్దరు కానిస్టేబుళ్ళు మీదపడి అతణ్ణి గోడకేసి కొట్టారు. నోట్లో రక్తం ఊరింది. ఉమ్మేశాడు.

"కొట్టించు. కానీ కోర్టులో డాక్టరు వచ్చి ఇది హుక్కు దెబ్బ కాదంటాడు. అప్పుడు నవ్వేది నన్ను చూసి కాదు," అన్నాడు.

తరఫ్‌దార్ దవడ రుద్దుకున్నాడు. రాకెట్ ఆఫీసంటే పైవాళ్ళకి కొత్త మోజు. రాష్ట్రానికి పరువు తెచ్చే కేంద్రమని పార్టీ ఆఫీసు నుంచి రైటర్స్ బిల్డింగ్‌లోని సెక్రటేరియట్ దాకా అందరూ చెప్పుకుంటున్నారు. కేసు బెడిసికొడితే బదిలీ ఏ సుందర్‌బన్ లంకకో అవుతుంది.

"నాలుగున్నరకి వీడి జీపు కోర్టుకి కదులుతుంది. అంతవరకు నేనూ నీతో వస్తాను. పద," అన్నాడు.

ఠాణా బయట అరుగు మీద అప్పలసూరి తల్లి జగ్గమ్మ అన్నం డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కొడుకు మింగలేడని ఆమెకి ఎవరూ చెప్పలేదు. "బాబూ, నానూ వొత్తాను. ఆ ఆఫీసోల్ల కాల్లట్టుకుంటాను," అని జీపు వెనకాల ఎక్కేసింది.

* * *

సాల్ట్ లేక్ అయిదో సెక్టారులో ఆ రాకెట్ ఆఫీసు, అంటే గగన పరికరాల పరీక్షా కేంద్రం, కట్టి ఆరేళ్ళయింది. హౌరా లేతుమిషన్ల దగ్గర తయారైన వాల్వులు ఇక్కడికొస్తాయి. పైన గాలిలేని చోట రాకెట్టులో ఇంధనాన్ని వదిలేవీ ఆపేవీ ఆ వాల్వులే. అవి అక్కడ కారతాయా లేదా అని ఇక్కడ గాలి తీసేసిన ఇనప డ్రమ్ములో పెట్టి చూస్తారు. కారనివాటికి పత్రం రాసి, పెట్టెలో సర్ది, సంత్రాగాఛిలో రైలెక్కించి శ్రీహరికోటకి పంపుతారు.

గేటు దగ్గర వాళ్ళని కలిసింది పరీక్షా విభాగం అధికారి భానుమతి. నలభై లోపు మనిషి, నేత చీర, నుదుట గుండ్రటి కుంకుమ. కర్మకార్ ఆమె కిందే పనిచేశాడు.

"నిన్నట్నుంచీ అన్నం ముట్టలేదండీ అన్నయ్యగారూ," అంది బైరాగితో. "ఆరేళ్ళు నా పక్కన పనిచేసిన మనిషి."

"నిన్న రెండింటికి మీరెక్కడున్నారమ్మా?"

"మేడమీదే. నాకు గాలిపటాలు రావు, దారపు చుట్ట పట్టుకున్నాను. ఎవర్నైనా అడగండి. మధ్యలో మంచినీళ్ళకి దిగి ఉంటాను, అది టైము చూసుకుని దిగలేదు."

ఎవరూ టైము చూసుకోరు. ఆకాశంకేసి చూసే యాభై మంది పక్కనున్న మనిషిని కూడా చూసుకోరు. బైరాగి అది మనసులో పెట్టుకున్నాడు.

గేటు పక్కన జగ్గమ్మ కాళ్ళు పట్టుకోబోతే భానుమతి గబుక్కున లేవనెత్తింది. "అయ్యో, పెద్దదానివి. ఎండలో కూర్చోకు. నేనూ సాక్ష్యానికి అయిదింటికి కోర్టుకే రావాలి. అదిగో, నా తెల్ల అంబాసిడర్ కారులో తీసుకెళ్తాను. నీ కొడుకుని చూద్దువుగాని," అని తన గదిలో కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది.

జగ్గమ్మ ఏడ్చేసింది. కలకత్తాలో ఆఫీసు మనిషి ఆమెతో తెలుగులో మాట్లాడటం ఇదే మొదటిసారి కాబోలు. బైరాగికి కూడా మనసు కాస్త చల్లబడింది. మనసు చల్లబడ్డ డిటెక్టివు సగం గుడ్డివాడని అతనికి తెలియనిది కాదు, కానీ ఆ వేళకి గుర్తు రాలేదు.

రెండూ యాభైకి డ్రమ్ము ఉన్న హాల్లోకి వెళ్ళారు. నేల మీద రక్తం ఎండి నల్లబడింది. ఒక మూల విశ్వకర్మ బొమ్మ ఇంకా ఉంది. దాని ముందు బల్ల, బల్ల మీద ఎర్రగుడ్డ, గుడ్డ మీద వరసగా పనిముట్లు. సుత్తులు, పటకార్లు, చిన్నా పెద్దా పానాలు, ఒక్కోదానికీ ఒక బంతిపువ్వు, ఒక ఎర్రబొట్టు.

"వీటిని తనిఖీ చేశావా?" అన్నాడు బైరాగి.

"బొమ్మ నిమజ్జనం అయ్యేదాకా ముట్టుకోనియ్యం అని యూనియన్ వాళ్ళు అడ్డం కూర్చున్నారు," అన్నాడు తరఫ్‌దార్ చిరాగ్గా. "చంపింది హుక్కుతో అయినప్పుడు పూజసామాన్లతో నాకేం పని?"

బైరాగి పక్కనే ఉన్న ముసలి ఫిట్టరుకి దండం పెట్టాడు. "కాకా, నేనూ రేవు పనివాణ్ణే. ఏటేటా హుక్కుకి బొట్టు పెట్టించుకున్నవాణ్ణి. పూజ చెడగొట్టను. చూస్తాను, అంతే."

ముసలాయన కాసేపు అతని తెగిన వేళ్ళకేసి చూశాడు. తరవాత పక్కకి తప్పుకున్నాడు.

బైరాగి ఒక్కో బొట్టునూ చిటికెన వేలి కొసతో తాకాడు. జిడ్డు. జిడ్డు. జిడ్డు. పురోహితుడు నూనెలో కలిపిన సింధూరం. అన్నిటికన్నా పెద్దదైన రింగు పానా దగ్గర వేలు ఆగిపోయింది. దాని బొట్టు పొడిగా ఉంది. వేలికి ఎర్రపొడి అంటింది. దాని కింద పసుపు కనబడింది.

వంగి చూశాడు. పానా కాడ నడుమ ఎవరో ముందు పసుపు రాశారు. తరవాత దాని నడుమ కుంకుమ పెట్టారు. రింగు లోపలి పళ్ళ సందున నల్లగా ఏదో ఎండి ఉంది. అగ్గిపుల్లతో గీస్తే రక్తపు పెచ్చు రాలింది.

"ఇదిగో దాదా, నీ ఉంగరం," అన్నాడు. "రెండింటికి ఈ బల్ల మీంచే తీసి కొట్టారు. సగం చచ్చినవాణ్ణి డ్రమ్ములో పడేసి గాలి తీశారు. పానా కడిగారు. కడిగితే బొట్టు పోయింది. ఇరవై పనిముట్లలో ఒకటి బోడిగా ఉంటే నిమజ్జనం వేళ ఎవడో ఒకడు అడుగుతాడు. పురోహితుడు సింధూరం గిన్నెతో సహా వెళ్ళిపోయాడు. అందుకని తన దగ్గరున్నదే పెట్టారు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల!"

"అయితే?"

"కుంకానికి ముందు పసుపు రాసే చెయ్యి బెంగాలీది కాదు. అది మా తెలుగు చెయ్యి. గడపకైనా, గుమ్మడికాయకైనా, కొత్త సైకిలుకైనా పసుపు లేకుండా బొట్టు పెట్టడం ఆ చేతికి రాదు. కంగారులో ఉన్నా రాదు."

తరఫ్‌దార్ పగలబడి నవ్వాడు. "శభాష్! చంపింది తెలుగువాడు. నా లాకప్‌లో ఉన్నదీ తెలుగువాడే. నీకు ఫీజు ఎవరిస్తున్నారు బైరాగీ, నేనా?"

"శవాన్ని చేతుల్లో పెట్టుకుని దొరికినవాణ్ణి అక్కడికక్కడే గేటుకి కట్టేశారు. పానా కడిగి, పసుపు వెతికి, బొట్టు పెట్టి, పువ్వు సర్ది, మళ్ళీ శవాన్నెత్తుకుని దొరికిపోవడానికి వచ్చాడా? పైగా మా రేవు కూలీలు మూడు తరాల్నుంచీ పనిముట్లకి మీ నూనె సింధూరమే పెడుతున్నారు. పసుపుతో పెట్టేది మా వైపు నుంచి కొత్తగా వచ్చిన ఆఫీసర్లు. ఇక్కడ తెలుగువాళ్ళెంతమంది కాకా?"

"ఇద్దరు," అన్నాడు ఫిట్టరు. "డైరెక్టరు సాబ్, భానుమతి దీదీ." ఆగి, గొంతు తగ్గించాడు. "ఒక మాట బాబూ. ఈ డ్రమ్ము మూడు వారాలు చెడిపోయి ఉంది. మొన్న సాయంత్రమే తలుపుకి కొత్త రబ్బరు వేశాను. తారీఖు తలుపు లోపల సుద్దతో రాశాను కూడా. మరి ఈ మూడు వారాల్లోనే పరీక్షించినట్టు పత్రం రాసి, లోడింగు దగ్గర పెట్టిన నలభై వాల్వులు ఎప్పుడు పరీక్షించారో నాకు తెలీదు. కర్మకార్ కూడా అదే అడుగుతూ వచ్చాడు."

బైరాగి రుమాలు తీసి పానాని బొట్టు చెదరకుండా కొసల్లో పట్టి చుట్టాడు. టైము మూడూ ఇరవై.

* * *

డైరెక్టరు సోమయాజులు గది మేడమీద. అరవై ఏళ్ళ మనిషి. మాసిన గడ్డం, బోడి నుదురు. ఎప్పుడూ బొట్టు ఉండే చోట చర్మం తెల్లగా మచ్చపడి ఉంది. బైరాగి అది చూడగానే పట్టేశాననుకున్నాడు.

"రైలెక్కే ప్రతి పెట్టెకీ పసుపూ కుంకుమా పెట్టేది మీరేనట కదండీ. మా లారీ కూలీలు వాటిని బొట్టు పెట్టెలంటారు."

"అవును. అదొక నమ్మకం. ఏం?"

"నిన్న పానాకి పెట్టింది కూడా మీరేనా?" రుమాలు విప్పాడు. "నిన్నటిదాకా బొట్టు లేకుండా గుమ్మం దాటని మనిషి, ఇవాళ కుంకం చూస్తే భయమేసి మానేశారా?"

సోమయాజులు పానాకేసి చూశాడు. చెయ్యి చాచలేదు, వెనక్కి లాక్కున్నాడు.

"నాయనా, మా పెదనాన్నగారి అబ్బాయి పోయి నేటికి ఆరో రోజు. నేను మైలలో ఉన్నాను. పదోరోజు దాకా గడ్డం గీయను, బొట్టు పెట్టను, పసుపూ కుంకుమా ముట్టను. నిన్న పూజ దగ్గరికి కూడా రాలేదు. రాజమండ్రి నుంచి వచ్చిన తంతి అదిగో, బల్ల మీదుంది. చూసుకో."

చూసుకున్నాడు. నిజమే. పక్కన తరఫ్‌దార్ మళ్ళీ నవ్వుతున్నాడు. బైరాగికి చెవులు కాలాయి. చావుపట్టింపును భయమనుకున్నాడు, తెలుగువాడై ఉండి!

"కర్మకార్ మీ దగ్గరికి వచ్చాడా?"

"నిన్న పొద్దున వచ్చాడు. పత్రాల మీద తారీఖుల గురించి మాట్లాడాలన్నాడు. నేను మైలలో ఉన్నాను, రేపు రమ్మన్నాను." ఆయన బల్ల మీదున్న తంతిని బోర్లా తిప్పి పెట్టాడు. "రేపు రమ్మన్నాను నాయనా. వినుంటే బతికుండేవాడు."

"మరి ఈ ఆరు రోజులూ పెట్టెలకి బొట్టు ఎవరు పెడుతున్నారు?"

"ఇంకెవరు? నా కుంకుమభరిణె భానుమతికిచ్చాను."

బైరాగి తరఫ్‌దార్‌కేసి తిరిగాడు. "ఠాణాకి ఫోన్ చెయ్యి. జీపు ఆపు."

"భరిణె ఉన్నంత మాత్రాన హంతకురాలా? ప్రభుత్వ సాక్షి ఆవిడ. నీ దగ్గరున్నది ఒక బొట్టు. నాకు తారీఖు కావాలి, రుజువు కావాలి."

"చెడిపోయిన డ్రమ్ములో పరీక్షించినట్టు పత్రాలు రాసింది ఆవిడ విభాగమే. డ్రమ్ము బాగైన తారీఖు దాని తలుపు లోపలే ఉంది. చూపిస్తాను రా!"

"ముందు ఫిట్టరు చేత ఆ మాట కాగితం మీద పెట్టించనీ. నువ్వు పద," అన్నాడు తరఫ్‌దార్.

నాలుగు కావడానికి అయిదు నిమిషాలుంది. బైరాగి ఒక్కడే రెండేసి మెట్లు దిగాడు. హాల్లో ఎవరూ లేరు. డ్రమ్ము తలుపు తెరిచి ఉంది. తొంగి చూశాడు. తలుపు లోపలి అంచున సుద్దగీతలు మసగ్గా ఉన్నాయి. ఎవరో తడిచేత్తో సగం తుడిచారు. ఇంకా తడి ఆరలేదు.

ఆ తడి అర్థమయ్యేలోపల తలమీద పిడుగు పడింది.

మోకాళ్ళ మీద కూలబడ్డాడు. వీపు మీద ఇంకో దెబ్బ. నడుం మీద కాలుపెట్టి తన్నితే డ్రమ్ము లోపలికి బోర్లా పడ్డాడు. వెనకాల తలుపు దడాలున మూసుకుంది. చక్రం బిగిసిన చప్పుడు. మోటారు మొదలైంది.

కంచమంత అద్దంలో భానుమతి కనిపించింది. ముఖంలో కోపం లేదు, కంగారు లేదు. జారిన పైట సర్దుకుంది. పొయ్యి మీద పాలు పెట్టి చూసుకునే మనిషిలా, పక్కనున్న ముల్లు కేసి చూస్తోంది.

చెవులు టప్పుమన్నాయి. ఛాతీ మీద ఎవరో ఎక్కి కూర్చున్నట్టయింది. అరిచాడు. అరుపు తనకే సన్నగా వినపడింది. తలుపుకి లోపల పిడి లేదు. ఉన్నది అద్దం ఒక్కటే, చేతిలో ఉన్నది పానా ఒక్కటే.

రుమాలు విప్పాడు. బొట్టు కాడ నడుమ ఉంది. కొట్టాలంటే పట్టుకోవాల్సిందీ అక్కడే. అది చెరిగితే అప్పలసూరి మిగలడు. చెరక్కపోతే తను మిగలడు.

కాడ చివర రెండు వేళ్ళతో పట్టి అద్దాన్ని కొట్టాడు. జారిపోయింది. మళ్ళీ కొట్టాడు. గీత కూడా పడలేదు. ముక్కులోంచి వెచ్చగా కారింది. కళ్ళముందు నల్లచుక్కలు. అద్దం అవతల ముఖం రెండయింది.

'అమ్మా, జగ్గమ్మా, తప్పయిపోయింది,' అనుకున్నాడు. కుడి అరచేతిని సరిగ్గా బొట్టు మీదే వేసి, పిడికిలి బిగించి, మిగిలిన ఊపిరంతా పెట్టి కొట్టాడు.

మూడో దెబ్బకి గీత పడింది. నాలుగో దెబ్బకి బయటి గాలే అద్దాన్ని లోపలికి తోసేసింది. ముక్కలు ముఖంలో, మెడలో, చేతిలో దిగాయి. గాలి రంకెవేస్తూ లోపలికొచ్చింది. ఆ గాలిని అతను రక్తంతో సహా మింగాడు.

మోటారు గుర్రుమంటూనే ఉంది. భానుమతి లేదు.

* * *

ఫిట్టరు వచ్చి తలుపు తీసేసరికి నాలుగూ మూడు. వెనకే తరఫ్‌దార్, చేతిలో పిస్తోలు.

"భానుమతి," అన్నాడు బైరాగి నేలమీద పడుకునే. "అద్దంలోంచి చూశాను."

"ఆవిడ కోర్టుకి వెళ్ళిపోయిందంటున్నాడు గేటువాడు. సాక్ష్యానికి వెళ్ళాల్సిన మనిషే. ఏదీ నీ బొట్టు?" తరఫ్‌దార్ పానా అందుకుని తిప్పి చూశాడు. కాడ మీద రక్తపు జిగురు తప్ప ఏమీ లేదు.

బైరాగి కుడి పిడికిలి ఎత్తి చూపించాడు. గాజుముక్క ఒకటి వేళ్ళ సందున నిలబడి ఉంది. మణికట్టు దాకా రక్తం కారుతోంది.

"ఇందులో ఉంది. పానా మీంచి నా అరచేతికెక్కింది. ఇక్కడ విప్పితే చెరిగిపోయిందంటావు, నేనే రాసుకున్నానంటావు. మేజిస్ట్రేటు ముందు విప్పుతాను. అంతవరకు సీలు వెయ్యి."

"చేతికా?"

"రేవులో పద్నాలుగేళ్ళు సాక్ష్యాలకి సీలు వేశాను దాదా. వెయ్యి."

తరఫ్‌దార్ అతని ముఖంలోకి చూశాడు. "నీ మాట నమ్మను. నమ్మితే నేను విరగ్గొట్టించిన వేళ్ళకి లెక్క చెప్పుకోవాలి. కానీ సీలు వెయ్యమన్నవాణ్ణి ఎప్పుడూ కాదనలేదు," అన్నాడు.

గుడ్డ చుట్టారు. పురికొస కట్టారు. ఫిట్టరు చేత, ఇంకో పనివాడి చేత కాగితం మీద సంతకాలు పెట్టించారు. తరఫ్‌దార్ లక్క కరిగించి ముడి మీద పోశాడు. గుడ్డ చాలని చోట అది చర్మం మీదే పడింది. బైరాగి పళ్ళ మధ్య చొక్కా కాలరు కొరికి పట్టుకున్నాడు. పిడికిలి విప్పలేదు.

కోర్టు గదిలో అడుగుపెట్టేసరికి అయిదుకి రెండు నిమిషాలు తక్కువ. అప్పలసూరి బోనులో ఉన్నాడు. చేతులు గుడ్డలో చుట్టి ఉన్నాయి. సాక్షుల బల్ల ఖాళీగా ఉంది.

మేజిస్ట్రేటు తరఫ్‌దార్ చెప్పింది విని, కళ్ళజోడు సర్దుకుని, సీలు విప్పించాడు. వేళ్ళు తెరుచుకోలేదు. గుమాస్తా ఒక్కోటీ లాగి విప్పాడు. బైరాగి ఆ అరచేతిని బల్ల మీదున్న తెల్లకాగితం మీద అదిమి ఎత్తాడు.

కాగితం నిండా రక్తం. ఆ రక్తానికి నడుమ, పిడికిలి గట్టిగా మూసినంత మేర, పచ్చగా పసుపు. దాని మీద పొడి కుంకుమ.

తరఫ్‌దార్ టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. బైరాగికి నిలబడ్డానికి ఓపిక లేకపోయినా నవ్వొచ్చింది. గెలిచాడు.

మేజిస్ట్రేటు అప్పలసూరి కేసి తిరిగాడు. "భయపడకు. ఎవరూ నిన్నేమీ చెయ్యరు. నిజం చెప్పు. కర్మకార్‌ని నువ్వు చంపావా?"

అప్పలసూరి బైరాగి కేసి చూశాడు. తరవాత ఖాళీగా ఉన్న సాక్షుల బల్ల కేసి చూశాడు.

"నానే సంపినాను బాబూ," అన్నాడు.

బైరాగి బోను కమ్మీలు పట్టుకున్నాడు. "ఓరి పిచ్చోడా, రుజువు దొరికిందిరా! ఏటి మాటలాడతన్నావు? ఎవుడు సెప్పమన్నాడు?"

"ఎవుడూ సెప్పమన్నేదన్నా. సరిగ్గా సెప్పమన్నారు." అప్పలసూరి వాచిన కంట్లోంచి కూడా నీళ్ళు కారుతున్నాయి. "జీపు దిగతావుంటే ఆ ఆఫీసు మేడమ్ కబురంపింది, పోలీసాయనతోటి. మీ యమ్మ నా కారులో ఉంది, కోర్టులో సెప్పాల్సింది సరిగ్గా సెప్తే బద్దరంగా ఇంటికి దింపుతానని. నవ్వుతా సెప్పినాడన్నా ఆ పోలీసాయన. మంచి మేడమ్మని సెప్పినాడు."

బైరాగి కిటికీ దగ్గరికి పరుగెత్తాడు. కోర్టు ఆవరణలో పోలీసు జీపులున్నాయి, రిక్షాలున్నాయి, టీబండి ఉంది. భానుమతి తెల్ల అంబాసిడర్ లేదు, జగ్గమ్మ లేదు. చెట్టుకింద మెట్టు మీద, ఎవరో దింపి వెళ్ళినట్టు, జగ్గమ్మ అన్నం డబ్బా ఒక్కటే ఉంది. మూత మీద ఎవరో పసుపు రాసి, నడుమ కుంకుమబొట్టు పెట్టారు.